అద్దె చిరునామా

పాతబస్తీలో చార్మినారు చుట్టునున్న సందులలో నడచువారికి ఇంటి గుమ్మములపై అడ్డగీతలతో విడదీసిన అంకెలు కానవచ్చును. మొదటిది వార్డును, రెండవది బ్లాకును, మూడవది ఇంటిని తెలుపును. ఇల్లు కదలదు గనుక అంకెయు కదలదు. కాని ఆ యింటిలోని రౌటరునకు, కావలి కెమెరాకు, ఇంటర్నెట్టు రేడియోకు చిరునామా సాధారణముగా అద్దెకే లభించును. ఈ అద్దె పద్ధతి ఎట్లేర్పడినదో తెలిసికొందము.

1981లో స్థిరపడిన నియమము ప్రకారము ఇంటర్నెట్టు చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. తొలినాళ్లలో ప్రతి కంప్యూటరునకు వాటిని చేతితో వ్రాసి పెట్టెడివారు. ఒకే అంకె రెండింటికి పడినచో ఒకరి ఉత్తరము వేరొకరికి చేరెడిది. 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ బూట్‌పి అను పద్ధతిని వెలువరించిరి. అయినను ఎవరికేది యీయవలెనో ముందుగా పట్టిక వ్రాయక తప్పలేదు. 1993లో రాల్ఫ్ డ్రోమ్స్ వెలువరించిన డిహెచ్‌సిపి ఆ చిక్కు తీర్చెను.

అందలి క్రమము సులభము. క్రొత్త యంత్రము చిరునామా కావలెనని అందరికి వినబడునట్లు కేకవేయును. సర్వరు ఒకటి చూపును. యంత్రము దానిని కోరును. సర్వరు గడువు చెప్పి ఖాయపరచును. సగము గడువు గడచినంతనే యంత్రము పొడిగింపు నడుగును.

చిన్న యంత్రములలో చోటు స్వల్పము. ఒక్క ఫ్లాపీలో లినక్సు ఇమిడ్చుటకై 1995లో బ్రూస్ పెరెన్స్ పెక్కు పనిముట్లను ఒకే ప్రోగ్రాముగా కూర్చి బిజీబాక్స్ అని పేరిడెను. 1999లో మాత్యూ రామ్సే, క్రిస్ ట్రూ ప్రారంభించిన యుడిహెచ్‌సిపి పిమ్మట అందు చేరెను.

దీనియందొక మెలకువ కలదు. ఈ చిన్న ప్రోగ్రాము చిరునామాను సంపాదించును గాని తాను యంత్రమునకు తగిలింపదు. ఆ పని ఒక స్క్రిప్టునకు అప్పగించును. స్క్రిప్టు లేకున్నను, దానికి నడచు అనుమతి లేకున్నను, చిరునామా దొరికినదని తెరపై కనబడును గాని యంత్రము మూగయై యుండును. మేమును ఒకనాటి రాత్రి తీగలను అనుమానించి, తెల్లవారుజామున గాని ఈ లోపమును కనుగొనలేదు. గడువు తీరిన అంకెను తుడుచుటయు ఆ స్క్రిప్టు పనియే. తుడువనిచో ఆ అంకె వేరొకరికి దక్కి తగవు పుట్టును.

2011 ఫిబ్రవరి 3న పంచుటకు మిగిలిన చివరి చిరునామాల కట్టలు ప్రాంతీయ సంస్థలకు పోయినవి. కొరత హెచ్చిన కొలది, గడువు ముగిసిన యిల్లు ఖాళీచేయు మర్యాద యంత్రములకును అవసరమైనది.