నోరు మూసుకున్న ‘కే’ కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక్క ఇంగ్లిష్ అక్షరం గురించి. అదే ‘కే’. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే ‘కే’ పక్కనే ‘ఎన్’ వచ్చి మొదలయ్యే మాటల గురించి.

ముందు నా సంగతి చెప్తా. టెన్త్ దాకా నాది తెలుగు మీడియం. బీటెక్‌లో అల్గారిథమ్స్ సెమినార్ ఇస్తూ, స్లైడ్ మీదున్న ‘నాప్‌సాక్ ప్రాబ్లం’ని ఉన్నది ఉన్నట్టు ‘క్నాప్‌సాక్’ అని చదివేశా. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ సెమిస్టర్ అయ్యేదాకా నా పేరే క్నాప్‌సాక్. ఆ తర్వాత చాలా రోజులు నలుగురిలో ఇంగ్లిష్ మాట్లాడాలంటే నోరు లేచేది కాదు. జాబ్‌లో చేరాక కూడా, మీటింగ్‌కి ముందు ఒక్కో మాట ఎలా పలకాలో ఫోన్‌లో విని మరీ వెళ్ళేవాణ్ణి.

ఇంతకీ నేను చదివింది తప్పేనా? హిస్టరీ ఏం చెప్తుందో చూద్దాం.

దాదాపు వెయ్యేళ్ళ కింద, పాత ఇంగ్లిష్‌లో ఆ ‘క’ శబ్దం గట్టిగా వినపడేది. మోకాలిని ‘క్నేఓ’ అనేవాళ్ళు. అదే నేటి ‘నీ’. ‘క్నిహ్ట్’ అంటే కుర్రాడు, సేవకుడు. వాడే తర్వాత గుర్రమెక్కి యోధుడయ్యాడు, నేటి ‘నైట్’. కత్తి అనే ‘నైఫ్’ మాత్రం స్కాండినేవియా వైకింగ్‌ల భాష నుంచి వచ్చింది. అది కూడా ‘క’తోనే వచ్చింది.

అప్పట్లో ఈ మాటల్ని ‘సీ’ అక్షరంతో రాసేవాళ్ళు. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచారు. ఆ తర్వాత రాతలో ఫ్రెంచ్ పద్ధతులు కలిశాయి, మెల్లగా ‘సీ’ స్థానంలోకి ‘కే’ వచ్చింది. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అప్పటికింకా జనం ఆ ‘క’ని పలుకుతూనే ఉన్నారు. పుస్తకాలు పెరిగేకొద్దీ స్పెల్లింగ్ గట్టిపడిపోయింది. నాలుక మాత్రం ఆగదు కదా! 17వ శతాబ్దం చివరికి, 18వ శతాబ్దం మొదటికి వచ్చేసరికి ఆ ‘క’ జనం నోటి నుంచి జారిపోయింది. పలుకు పోయింది, రాత మిగిలింది.

ఇప్పుడు అసలు పాయింట్. నాప్‌సాక్ అనే సంచి మాట ఇంగ్లిష్‌కి అప్పుగా వచ్చింది డచ్, లో జర్మన్ భాషల నుంచి. నెదర్లాండ్స్‌లో ఈరోజుకీ దాన్ని ‘క్నాప్‌సాక్’ అనే అంటారు! జర్మన్లు మోకాలిని ఇప్పటికీ ‘క్నీ’ అంటారు. అంటే ఆరోజు నేను కనిపెట్టి పలికిందేం కాదు. కాస్త లేటుగా పలికానంతే, ఓ మూడొందల ఏళ్ళు లేటు.

ఇంగ్లిష్‌లో కూడా ఆ ‘క’ పూర్తిగా చావలేదు. ‘నాలెడ్జ్’లో వినపడదు, కానీ ‘అక్నాలెడ్జ్’ అనండి, వినపడుతుంది. మాట మొదట్లో పోయింది, మధ్యలో బతికింది.

ఇంకో తమాషా. ఇంగ్లిష్ ‘నో’, అంటే తెలియడం, సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘జ్ఞానం’, రెండూ ఒకే ప్రాచీన మూలానికి చెందిన చుట్టాలు. ఆజానుబాహుడు అంటాం కదా, మోకాళ్ళ దాకా చేతులున్నవాడని. అందులో ‘జాను’ వాళ్ళ ‘నీ’కి చుట్టమే. మరి ‘జ్ఞానం’ అని రాసి మనమేం పలుకుతున్నాం? గ్నానం, గ్యానం! తెలుగు ఎలా రాస్తే అలా చదువుతాం అనుకుంటాం గానీ, మనదీ అదే కథ.

అందుకే ఈ మాటల్ని విడివిడిగా బట్టీ కొట్టకండి, కుటుంబంలా నేర్చుకోండి. నీ, నీల్: మోకాలు, మోకరిల్లడం. నాట్, నిట్: ముడి, అల్లడం. నో, నాలెడ్జ్: తెలియడం, తెలిసింది. రాసేటప్పుడు మనసులో ‘క్నీ, క్నాట్, క్నో’ అనుకోండి, స్పెల్లింగ్ తప్పదు. పైకి మాత్రం ‘క’ లేకుండా అనండి. ఇంటర్వ్యూలో ఈ హిస్టరీ అంతా చెప్పే టైముండదు మరి.

రేపు మీ క్లాసులో ఎవరైనా ‘క్నైఫ్’ అంటే నవ్వకండి. పక్కకి పిలిచి ఈ కథ చెప్పండి. నవ్విన నాపచేనే పండుతుందంటారు. నాది నాప్‌సాక్ చేను!

మిమ్మల్ని ఇలా ఇబ్బంది పెట్టిన మాటేదో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.