మత్తుమందు మోతాదు తప్పితే: పెంపుడు జంతువులు గలవారు తెలుసుకోవలసినవి

కృష్ణగిరి జిల్లాకు పశుపోషణతో గల అనుబంధం పాతది. హోసూరు చెంత మత్తిగిరి పశుక్షేత్రం 1824లోనే ఏర్పడింది. నేడు మన సరిహద్దు పల్లెల నుండి ఆవులు, మేకలతో పాటు కుక్కలు, పిల్లులు కూడా శస్త్రచికిత్సకై పశువైద్యశాలకు వస్తున్నాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనుకైనా, విరిగిన కాలికైనా మత్తు ఇవ్వక తప్పదు. ఆ వేళ కలిగే అపాయాలలో కొన్ని రోగం వలన గాక, మందు ఇవ్వడంలోని పొరపాటు వలన కలుగుతాయి. వీటిలో అధికభాగం నివారింపదగినవే.

అపాయం ఎంత?

బ్రిటన్‌లో 2002-2004 మధ్య జరిగిన పెద్ద పరిశీలనలో, మత్తు కారణంగా మరణించినవి కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం. ఆరోగ్యవంతమైన కుక్కలలో సుమారు 1,850కి ఒకటి. ఇవన్నీ మందు పొరపాట్లు కావు. అయితే ఈ మరణాలలో కుక్కలవి దాదాపు సగం, పిల్లులవి సగానికి మించి చికిత్స ముగిసిన తరువాతనే, ముఖ్యంగా మొదటి మూడు గంటలలో సంభవించాయి.

పొరపాట్లు ఎట్లు జరుగును?

మొదటిది జాతిభేదం. జైలజీన్ అనే మందు కుక్కకు కిలో బరువుకు సుమారు 1 మిల్లీగ్రాము. ఆవుకు, మేకకు అందులో పదో వంతు లేక అంతకన్న తక్కువ. అనగా 20 కిలోల కుక్కకు 20 మిల్లీగ్రాములైతే, 300 కిలోల ఆవుకు 15 నుండి 30 చాలు. కుక్కకిచ్చే ఆ 20 మిల్లీగ్రాములే 20 కిలోల మేకకిస్తే పది రెట్లు దాటి ప్రాణం మీదికి వస్తుంది.

రెండవది గాఢత. ఇదే మందు మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములది, 100 మిల్లీగ్రాములది అని రెండు విధాల తయారవుతుంది. సీసా మారితే మోతాదు ఐదు రెట్లవుతుంది.

మూడవది చీటీ లేని సిరంజి. కెటమిన్, అట్రోపిన్, ఉప్పునీరు మూడూ రంగులేనివే. చూచి గుర్తించుట అసాధ్యం.

నాలుగవది ఉజ్జాయింపు తూకం. 15 కిలోల కుక్కను 20 కిలోలని తలచితే మందు మూడో వంతు అధికమవుతుంది.

వైద్యశాలలో పాటింపదగినవి

ప్రతి సిరంజిపై మందు పేరు, గాఢత వ్రాయాలి. సూది వేయుటకు ముందు పేరు, మోతాదు పైకి చదవాలి, మరొకరు సరిచూడాలి. జైలజీన్‌కు విరుగుడైన యోహింబిన్ అందుబాటులో ఉంచాలి.

ఇంటివారి బాధ్యత

పై లెక్కలు అవగాహన కొరకే. ఇంట మత్తుమందు వాడరాదు. ఆపరేషను నాడు జంతువును తూకం వేయించండి. వైద్యుడు చెప్పిన వేళ నుండి ఆహారం పెట్టకండి. పొరపాటున పెట్టి ఉంటే దాచక చెప్పండి. మూర్ఛ మందులు వాడుతున్నా, నొప్పికి మనుషుల మాత్ర ఇచ్చినా తప్పక తెలపండి. నొప్పి మాత్రపై మరొక నొప్పి మందు పడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలుగవచ్చు. మునుపు మత్తు వికటించి ఉంటే అదీ చెప్పండి.

"డాక్టరు గారూ, తూకం చూశారా? ఏ మందు ఇస్తున్నారు?" అని అడుగుట అమర్యాద కాదు. మందు పేరు, మోతాదు చీటీపై వ్రాయించుకోండి. మరోసారికి పనికి వస్తుంది. తల నిలిపి, లేచి నడిచే వరకు జంతువును ఒంటరిగా విడువకండి. ఊపిరి మందగించినా, చిగుళ్లు తెల్లబడినా, నీలిరంగుకు మారినా క్షణమైనా ఆలస్యం చేయక వైద్యుని పిలవండి.