సౌదీలో ఉద్యోగం మానేయాలా? ముందు సర్వీసు లెక్క చూసుకోండి

పని ఒత్తిడి తట్టుకోలేక "ఇక చాలు, ఇంటికెళ్లిపోతా" అనుకునేవాళ్లు సౌదీలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఉండాలా, రావాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. కానీ ఎప్పుడు, ఎలా మానేస్తున్నారన్న దాన్నిబట్టి చేతికొచ్చే డబ్బు మారిపోతుంది.

సౌదీ కార్మిక చట్టం 84వ ఆర్టికల్ ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు లెక్కకడతారు. మనమే రాజీనామా చేస్తే 85వ ఆర్టికల్ చూడాలి. రెండేళ్లు నిండకపోతే ఏమీ రాదు. ఐదేళ్ల వరకు మూడో వంతు, ఐదేళ్లు దాటితే మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితే మొత్తం వస్తుంది.

చివరి జీతం 1,500 రియాళ్లు అనుకుందాం. ఐదేళ్ల లెక్క 3,750 రియాళ్లు. ఐదేళ్లు దాటకముందే మానేస్తే 1,250 లోపే, దాటాక మానేస్తే 2,500 పైనే. కొద్ది రోజుల తేడాతో డబ్బు రెట్టింపు అవుతుంది.

అలాగని అన్నీ భరించక్కర్లేదు. కొట్టినా, అవమానించినా, జీతం ఇవ్వకపోయినా 81వ ఆర్టికల్ కింద నోటీసు లేకుండానే మానేయొచ్చు, హక్కులు పోవు. కాంట్రాక్టు కాపీ, జీతం మెసేజ్‌లు దాచిపెట్టుకోండి.

చెప్పకుండా పారిపోతే మాత్రం కఫీల్ 'హురూబ్' పెట్టే ప్రమాదం ఉంది. ఇంటి పనివాళ్లకు, హౌస్ డ్రైవర్లకు ఈ చట్టం కాదు, వేరే నిబంధనలు ఉన్నాయి. ఇబ్బంది వస్తే రియాద్‌లోని భారత ఎంబసీని గానీ, జెద్దా కాన్సులేట్‌ను గానీ కలవండి.