ముదిరిన సీఓపీడీ: అంతర్వేది ప్రాంతంలో తల్లిదండ్రుల సంరక్షణ

సీఓపీడీ దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి. శ్వాసనాళాలు ఇరుకైపోయి, గాలిగదులు దెబ్బతిని, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో దీనికి సుమారు 35 లక్షల మంది బలయ్యారు. జబ్బు ముదిరాక స్నానం చేసినా, నాలుగు ముద్దలు తిన్నా రొప్పు వస్తుంది. వాసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది లాంటి చివరి ఊళ్ళలో ఆ దశ వైద్యం సగానికి పైగా ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే నడుస్తుంది.

కారణాలు

గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరుపొందింది. జీవితమంతా చుట్ట కాల్చిన తండ్రికి ఆయాసం వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. చుట్ట ముట్టని తల్లికి వచ్చినప్పుడే కారణం తోచదు. ఆ కారణం పొయ్యి పొగ. కొబ్బరి మట్టలు, డొక్కలు, పీచు పుష్కలంగా దొరికే సీమ ఇది. గ్యాసు కోసం దీపం పథకం 1999లో, ఉజ్వల 2016లో వచ్చాయి. ఈనాటి డెబ్బై ఏళ్ళ ఇల్లాలు అప్పటికే దశాబ్దాలపాటు ఆ పొగలో వండింది. ఇంట్లో గ్యాసు ఉన్నా పెరట్లో నీళ్ళకాగు కింద ఇప్పటికీ మట్టలే మండుతుంటే, ముందు ఆర్పవలసింది ఆ మంటనే. దోమల చక్రం బదులు దోమతెర కట్టాలి. సాంబ్రాణి, భోగిమంట, చెత్త కాల్చే పొగ ఏదీ రోగి ఉన్న వైపు రానివ్వకూడదు.

ఆక్సిజన్

ఆయాసపడే ప్రతివారికీ ఆక్సిజన్ అక్కర్లేదు. జబ్బు నిలకడగా ఉన్నప్పుడు, కూర్చుని ఉండగా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవారికే దీర్ఘకాలం పెడతారు. రోజుకు కనీసం 15 గంటలు పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981ల్లో వెలువడిన అమెరికా, బ్రిటన్ పరిశోధనలు తేల్చాయి. నాన్నగారు ఎగశ్వాస పడుతున్నారని ఆక్సిజన్ మీటరు పెంచేయడం ప్రమాదం. ఈ జబ్బులో చాలామందికి 88 నుంచి 92 శాతం మధ్య ఉంటే చాలు. అంతకు మించితే కొందరి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. పొద్దున లేవగానే తలనొప్పి, పగటి మగత, తికమక మాటలు దాని గుర్తులు.

దేవుడి గదిలో దీపం, కర్పూరం, అగరొత్తి ఆక్సిజన్ గొట్టానికి బాగా దూరంగా ఉండాలి. చుట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక్కడ అసలు గండం కరెంటు. 1996 నవంబరు 6న ఈ కోనసీమను తాకిన తుపాను కొబ్బరి తోటలను నేలకూల్చింది, కరెంటు స్తంభాలు రోజుల తరబడి లేవలేదు. ఆక్సిజన్ మిషన్ సుమారు 300 వాట్లు తింటుంది. ఇంట్లోని ఇన్వర్టరు దాన్ని కొన్ని గంటలే మోస్తుంది. సుమారు 1,500 లీటర్లు పట్టే బి-రకం సిలిండరు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున, 12 గంటలు వస్తుంది. తుపాను హెచ్చరిక వినగానే నిండు సిలిండరు తెచ్చిపెట్టుకోవాలి. వీలైతే పెద్దాయనను ముందే అమలాపురంలోనో రాజోలులోనో బంధువుల ఇంటికి చేర్చడం ఇంకా మేలు.

రోజువారీ సంరక్షణ

మందు పీల్చే పద్ధతిని డాక్టరు ఎదుటే ఒకసారి చేసి చూపించాలి. మందు పూర్తిగా లోపలికి వెళ్ళక గొంతులోనే ఆగిపోవడం సర్వసాధారణం, మందు పంపుకు తగిలించే గొట్టం, అంటే స్పేసరు, వాడితే ఇది తగ్గుతుంది. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించాలి. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినిపించాలి. కడుపు నిండితే ఊపిరి ఆడదు, తినకపోతే కండ కరిగి ఇంకా నీరసిస్తారు. ఆయాసం ఎక్కువైనప్పుడు ముందుకు వంగి మోచేతులు బల్లమీద ఆనించి, పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలమనాలి. ముఖానికి చిన్న ఫ్యాను గాలి తగిలినా ఆయాసం తగ్గినట్టనిపిస్తుంది. ఏటా ఫ్లూ టీకా, వైద్యుడు చెప్పినప్పుడు న్యుమోనియా టీకా వేయించాలి. మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లిలో కొరమీనుతో ఇచ్చే చేపమందు కోసం పెద్దవాళ్ళను తీసుకెళ్ళే కుటుంబాలున్నాయి. అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. వెళ్ళినా, పీల్చే మందు ఒక్క పూట కూడా ఆపకూడదు.

కఫం పచ్చబడినా, కాళ్ళు వాచినా, పెదవులు నీలమైనా, మాట పూర్తిచేయలేక ఆగిపోతున్నా 108కి చెప్పాలి. రాజోలు, అమలాపురం వైపు రోడ్డు దారి. నరసాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. పంటు వేళలు, ఆసుపత్రి కాగితాలు, మందుల చీటీ ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి.

చివరి దశ

తగ్గని ఆయాసానికి తక్కువ మోతాదు మార్ఫిన్ డాక్టరు పర్యవేక్షణలో ఇస్తారు. ఇస్తే ప్రాణం పోతుందన్న భయంతో ఆ ఉపశమనాన్ని కాదనడం పెద్దవాళ్ళకు అన్యాయం. వెంటిలేటరు పెట్టాలా వద్దా అన్నది అర్ధరాత్రి ఆసుపత్రి గుమ్మంలో పిల్లలు తేల్చుకునే మాట కాదు. ఆయాసం తక్కువున్న పూట అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి వాళ్ళ నోటనే వినాలి. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2023లో దాన్ని సులభం చేసిన ఉత్తర్వు ప్రకారం, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే ఆ కోరిక చట్టబద్ధమైన పత్రమవుతుంది.