పెరటి తమలపాకు తీగ: ఒక దిద్దుబాటు

గరిడేపల్లిలో మా పాత ఇంటి పెరట్లో, బావిగట్టు ప్రక్కన ఒక అవిసె చెట్టు, దానిని పెనవేసుకొని తమలపాకు తీగ ఉండేవి. స్నానాల నీరు పాదుకు చేరేటట్లు నాయన చిన్న కాలువ తీశారు. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది, తడి ఆరితే ఆకు చిన్నబోతుంది, ఎండ నేరుగా తగిలితే మాడుతుంది. ఈ మూడూ ఎరిగినవారికే తీగ దక్కుతుందని ఆయన అనేవారు. శుభకార్యమంటే ఇరుగుపొరుగువారు ఆకులకు మా పెరటికే వచ్చేవారు.

బడిలో ప్రకృతి వికృతులు చెప్పేటప్పుడు నాకు ఆ తీగే జ్ఞాపకం వచ్చేది. తాంబూలము ప్రకృతి, తమ్ములము వికృతి. అంతటితో ఆగక, తాంబూలం వేదకాలం నుండి వస్తున్న అచ్చ సంస్కృత పదమని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పాను. అది పొరపాటు.

వేదసంహితలలో తాంబూలం ప్రసక్తి లేదు. ఆ మాట ఆస్ట్రో-ఏషియాటిక్ భాషల నుండి సంస్కృతంలో చేరిందని ఝాన్ ప్రిజిలుస్కీ అనే పండితుడు ప్రతిపాదించాడు. ఖ్మేర్ భాషలో తమలపాకును నేటికీ ‘మ్లూ’ అంటారు. వృక్షశాస్త్రజ్ఞులు ఈ తీగ పుట్టిల్లు ఆగ్నేయాసియా అంటారు. అంటే తీగా, పేరూ ఒకే దిక్కు నుండి వచ్చాయన్నమాట.

వచ్చినది మనదైపోయింది. మందసోరులో పట్టుసాలెలు వేయించిన 473 నాటి శాసనం స్త్రీల అలంకారాలలో తాంబూలాన్ని పేర్కొన్నది. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, రెండవ దేవరాయల కొలువులో తనకు తాంబూలం, పణాల సంచి, కర్పూరం ఇచ్చేవారని వ్రాసుకున్నాడు. కృతి చెప్పడానికి కావలసినవాటిలో కప్పురవిడెం కూడా ఒకటన్న చాటువు పెద్దనగారిదిగా ప్రసిద్ధం. ఇక తాంబూలాలు పుచ్చుకున్న పెళ్ళిమాటకు తిరుగులేదన్న పట్టింపు ఎంతటిదో ‘కన్యాశుల్కం’లోని అగ్నిహోత్రావధానులను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

పొరుగుదేశపు తీగ మన మాటకు సాక్షి అయింది. ఇందులో చిన్నతనమేమీ లేదు. పాదుచేసి నీరు పోసినవారిదే తీగ. చిన్నతనమల్లా తెలియనిది తెలిసినట్లు చెప్పిన నాది. నావద్ద చదువుకున్నవారు ఇది చూస్తే దయచేసి దిద్దుకోగలరు.

నాయన పెంచిన తీగ ఇప్పుడు లేదు. మొన్న శ్రావణంలో ఒక ముక్క తెచ్చి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు అవిసె మొదట నాటాను. కణుపు వేళ్ళు బెరడును పట్టుకున్నాయి.