జమాఖర్చులో కనిపించని సభ్యుడు

సహకార సంఘాల చరిత్ర వ్రాసేవారు స్థాపకుల పేర్లతో మొదలుపెట్టి మూలధనం లెక్కతో ముగిస్తారు. సంఘం ఎవరిని సభ్యుడుగా చేర్చుకున్నది, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టింది అన్న ప్రశ్న వారికి తట్టదు. ఆ ప్రశ్నతో మన బందరు ప్రాంతాన్నే పరిశీలిద్దాం.

1904 నాటి సహకార పరపతి చట్టం జర్మనీలో రైఫైజన్ నడిపిన గ్రామ సంఘాలను ఆదర్శంగా తీసుకున్నది. గ్రామ సంఘంలో సభ్యులందరిదీ అపరిమిత బాధ్యత. ఒకడు బాకీ తీర్చలేకపోతే తక్కినవారు తమ ఆస్తులతో జవాబు చెప్పాలి. కలిగినవాడు లేనివాడికి పూచీ పడటమే దీని సారం.

బందరులో వైద్యుడుగా ఉండిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1915లో కృష్ణా సహకార బ్యాంకును, 1923లో ఆంధ్రా బ్యాంకును, 1927లో గుడివాడ వైపు వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకును నెలకొల్పారు. వలసపాలనలో జరిగిన ఈ కృషి అభ్యుదయకరమైనదే. దాన్ని చిన్నచూపు చూడటం చరిత్రకు అన్యాయం.

కాని తనఖా అన్న మాటలోనే దాని పరిమితి ఉన్నది. కాలువ కింద పొలం ఉన్నవాడికి తాకట్టు పెట్టడానికి దస్తావేజు ఉన్నది. కౌలుకు దున్నేవాడికి, పాలేరుకు, మంగినపూడి ఒడ్డున వల లాగే జాలరికి ఏమున్నది? సంఘం లోపల మనిషికొక వోటు. సంఘంలో అప్పు పుట్టాలంటే మాత్రం ఆస్తి! మనిషి మీద నమ్మకం పోయి భూమి హామీ అయినకొద్దీ, అవసరం ఎక్కువ ఉన్నవాడే ప్రమాదకరమైన సభ్యుడైనాడు.

ఫలితం? 1951-52లో గోర్వాలా సంఘం దేశమంతటా జరిపిన గ్రామీణ పరపతి పరిశీలనలో రైతులు తెచ్చిన అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతమని తేలింది. చట్టం వచ్చి అప్పటికి సుమారు అర్ధశతాబ్దం!

వసూళ్లు అక్కరలేదని నేననను. వసూళ్లు లేని సంఘం మూతపడుతుంది. అప్పుడు ముందు నష్టపోయేది పేదవాడే. అయితే నష్టభయాన్ని ఎవరు మోయాలి? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం కూడా కౌలుదారు కార్డుకు భూయజమాని సమ్మతిని కోరింది. కార్డు లేని కౌలుదారులను బృందాలుగా చేర్చి, ఉమ్మడి పూచీ మీద బ్యాంకులు అప్పులివ్వడం కొత్త మార్గమంటున్నారు. పాత సూత్రమే మళ్లీ వచ్చింది, ఒక్క తేడాతో: నాడు కలిగినవాడు కూడా పూచీ పడవలసి ఉండేది, నేడు పేదవాడికి పేదవాడే పూచీ.

సంఘం ఆరోగ్యంగా ఉన్నదని ఆడిటరు వ్రాసినప్పుడు, ఎవరిని బయట ఉంచి ఆరోగ్యంగా ఉన్నదని మనం అడగాలి.