విశాఖకి ఆన్‌సైట్ వచ్చిన బిషప్పు

ఇప్పుడు మనం అరకు వెళ్ళే రైలు లైను 1960లలో వచ్చింది. అంతకు వందేళ్ళ ముందే, 1850లో, సవోయ్ కొండల మిషనరీ సభకి చెందిన థియోఫిలస్ నేరే విశాఖ వికారియేట్‌కి మొదటి బిషప్పయ్యాడు. పరిధి తూర్పు కనుమల నుంచి నాగపూర్ దాకా!

అప్పట్లో గంజాం కొండల్లో కోదులు ‘మెరియా’ నరబలి ఇచ్చేవారు. 1845-61 మధ్య బ్రిటిష్ వాళ్ళు దాన్ని అణిచేసి, విడిపించిన పిల్లల్లో కొందరిని మిషనరీలకి అప్పగించారు. పిల్లలకి ప్రాణం దక్కింది, దాంతోపాటు దేవుడూ మారాడు.

దీన్ని సేవ అనాలా, మతమార్పిడి అనాలా? నన్నడిగితే రెండూనూ. 1862లో పోయిన నేరే ఇక్కడికి కోరి వచ్చినవాడు. ఆ పిల్లల్ని మాత్రం బలికి కొన్నవాళ్ళూ అడగలేదు, కాపాడినవాళ్ళూ అడగలేదు. వాదించుకునే ముందు వాళ్ళనీ కాస్త తలుచుకుందాం.